నలభై నలుగురికి ఒక సంపూర్ణమ్మ

మా సంఘంలో సేవ చేసేవాళ్లకు ఎన్నడూ కొరత లేదు. కిందటేడు వర్షాకాలంలో సేవ చేయించుకునేవాళ్లకు కొరత వచ్చింది. సంఘ కార్యదర్శిని కనుక ఆ కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది కాలవ గట్టున రేకుల కప్పు వేసిన చిన్న చర్చి. పాస్టరు తిమోతి గారితో కలిపి సభ్యులు నలభై ఏడుగురు. జీతం ఆయనొక్కరికే. మిగతా పనులు ఎవరికి తోచినవి వాళ్లు చేసేవారు. ముందొచ్చినవాళ్లు చాపలు పరిచేవారు, చివర వెళ్లేవాళ్లు చుట్టేవారు. ఎవరింట్లోనన్నా జ్వరమని తెలిస్తే ఎవరో ఒకరు చారు పట్టుకెళ్లేవారు. ఏ పనికీ ఎదురుగా ఎవరి పేరూ రాసి ఉండేది కాదు. అది లోపమని మాకు తెలియదు.

ఆ లోపాన్ని మహాసభ కార్యాలయం వారు కనిపెట్టారు. మా చర్చీలన్నిటి మీదా పెత్తనం వాళ్లది. ఆగస్టు మొదటివారంలో ఒక ఉత్తర్వు వచ్చింది. మా కమిటీ చైర్మన్ దయాసాగర్ గారు దాన్ని నిలబడి చదివారు. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. చేతికి ఉత్తర్వు అందితే ఆయన వయసు పదేళ్లు తగ్గుతుంది.

"ప్రభువునందు ప్రియమైన సంఘాధ్యక్షులకు శుభములు. స్వచ్ఛంద పరిచర్యను క్రమబద్ధీకరించు నిమిత్తము తెలియజేయడమైనది ఏమనగా, ప్రతి సంఘమును సెప్టెంబరు మాసములో మూడు వందల గంటలకు తక్కువ కాకుండా పరిచర్యను చూపవలెను. ప్రతి గంటకును స్వీకర్త, అనగా పరిచర్యను పొందినవారు, సంతకము చేయవలెను. స్వీకర్త అదే సంఘములో సభ్యులై ఉండవలెను. పరిచారకులుగా నమోదైనవారు ఏడాది వరకు స్వీకర్తలు కాజాలరు. ఒకరికొకరు పరిచర్య చేసుకొని గంటలు పెంచుకొను దురాచారమును అరికట్టుటకే ఈ నిబంధన. గంటలు చాలని సంఘములు పట్టణ సంఘములో విలీనము చేయబడును. అట్టి సంఘముల పాస్టర్లు అచట మూడవ సహాయకులుగా సర్దుబాటు చేయబడుదురు."

పట్టణ సంఘం మాకు పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ రెండో సహాయకుడు మైకులు చూసుకుంటాడు. మూడో సహాయకుడు చెప్పుల దగ్గర ఉంటాడని వినికిడి. తిమోతి గారు వర్షానికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే లేచి వెళ్లి గడియ పెట్టారు.

ఆ ఆదివారం ఆరాధన తరువాత నమోదు జరిగింది. అంత ఉత్సాహాన్ని నేను మా చర్చిలో క్రిస్మస్‌కు కూడా చూడలేదు. గ్రేసమ్మ ఆదరణ శాఖకు నాయకురాలైంది. ఉబ్బసంతో నాలుగు మెట్లు ఎక్కలేని రూబెను గారు సందర్శన శాఖలో చేరారు. ఎనిమిదేళ్లుగా చూపు ఆనని యాకోబు తాత దారి చూపించే శాఖ కావాలన్నాడు, ఇచ్చారు. గంజి శాఖ, విసనకర్ర శాఖ, కాళ్లు పట్టే శాఖ, పాటల శాఖ ఏర్పడ్డాయి. నన్ను రాత శాఖలో రాశారు, నేనే రాసుకున్నాను. సాయంత్రానికి నలభై నాలుగు పేర్లు అయ్యాయి. పర్యవేక్షించేవారు నమోదు కానక్కర్లేదని దయాసాగర్ గారు తనను మినహాయించుకున్నారు. తిమోతి గారు జీతం మీద ఉన్నారు కనుక ఉత్తర్వు ప్రకారం చేయడానికీ చేయించుకోవడానికీ అర్హులు కారు.

జాబితాను శుభ్రంగా తిరగరాస్తుంటే సోమవారం నాకు ఒక సంగతి తట్టింది. వెళ్లి చైర్మన్ గారికి చెప్పాను.

"అందరూ చేసేవాళ్లే అయిపోయారండి. చేయించుకునేవాళ్లు లేరు."

ఆయన జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందకు నడిపారు. "యాకోబు తాత?"

"దారి చూపించే శాఖండి."

"రూబెను?"

"సందర్శనండి."

వేలు కాగితం అంచుకు వచ్చి ఆగింది. "మొత్తం నలభై ఏడు కదా. ఇందులో లేనిదెవరు?"

"సంపూర్ణమ్మండి. నిన్న ఆస్పత్రిలో ఉంది. చర్చి మెట్ల మీద జారిపడి చీలమండ విరిగింది కదండి."

ఆయన కళ్లు మూసుకుని "దేవుడు గొప్పవాడు" అన్నారు.

సంపూర్ణమ్మ మా బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించడం, మంచాన పడ్డవాళ్ల దగ్గర కూర్చోవడం ఆమె పని. ఇరవై ఏళ్ల కిందట ఆ ఉద్యోగాన్ని రద్దు చేశారు. ఆ ఉత్తర్వును ఆమెకు చదివి వినిపించారు. "అలాగేనండి" అని, ఆమె ఎప్పటిలాగే సంచి తీసుకుని బయల్దేరింది. చర్చి వెనక రేకుల గదిలో ఒక్కతే ఉంటుంది. మా ఆవిడ పోయాక, ఆవిడ మందుల డబ్బాను ఏం చెయ్యాలో తెలియక నేను రోజూ దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం సంపూర్ణమ్మ వచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, ఆ డబ్బాను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆమె పిండికట్టుతో ఆటో దిగేసరికి గది ముందు నలభై నలుగురం నిలబడి ఉన్నాం. పాటల శాఖ పాట అందుకుంది.

"ఎవరు పోయారండీ?" అంది సంపూర్ణమ్మ కంగారుగా.

సెప్టెంబరు ఒకటో తారీఖున పరిచర్య మొదలైంది. ఒక మనిషికి నెలకు మూడు వందల గంటలంటే రోజుకు పది గంటలు. అయితే ఇద్దరు కలిసి ఒక గంట చేస్తే రెండు గంటలుగా రాయవచ్చని దయాసాగర్ గారు తీర్మానించారు. గదిలో మంచం పోను నాలుగు స్టూళ్లు పట్టాయి. గంజి శాఖ తాగించేటప్పుడు విసనకర్ర శాఖ విసిరేది, కాళ్లు పట్టే శాఖ బాగున్న కాలు పట్టేది. ఆదరణ శాఖ తల దగ్గర కూర్చుని, నిరాశపడవద్దని చెప్పేది.

"నాకు నిరాశేం లేదమ్మా గ్రేసమ్మా. కాసేపు కునుకు తీస్తాను" అంది సంపూర్ణమ్మ రెండో రోజున.

"తీయండి పిన్నిగారూ. ముందు సంతకం పెట్టేయండి."

నిద్రపోయే మనిషికి చేసిన సేవ చెల్లుతుందా అని సందేహం వచ్చింది. నేను మహాసభకు ఉత్తరం రాశాను. వారం లోపలే జవాబు వచ్చింది. "నిద్రావస్థలో ఉన్న స్వీకర్తకు చేయబడిన పరిచర్య అర గంటగా లెక్కించబడును. గురక వినిపించిన యెడల పావు గంట మాత్రమే." అప్పట్నుంచి ఆమెను మెలకువగా ఉంచడానికి పాటల శాఖకు మధ్యాహ్నం పూట కూడా డ్యూటీ వేశారు.

ఎవరు వచ్చినా సంపూర్ణమ్మ ఒకటే అడిగేది. "నూకాల్ని చూశారా ఎవరైనా?"

నూకాలు కాలవ అవతల పుంతలో, బండ్ల దారి పక్క గుడిసెల్లో ఉంటుంది. గంపతో చేపలమ్మిన మనిషి. కడుపులో గడ్డ లేచి ఏడాదిగా మంచం మీద ఉంది. కొడుకూ కోడలూ ఇటుక బట్టీలకు పోయారు. సంపూర్ణమ్మ రోజూ సాయంత్రం వెళ్లి, కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టి పెట్టి, తల దువ్వి వచ్చేది. ఇప్పుడు పక్కింటివాళ్లకు గుర్తొస్తే నీళ్లు, లేకపోతే లేదు.

"ఆవిడ మన రిజిస్టరులో లేదు కదా పిన్నిగారూ" అనేది గ్రేసమ్మ.

"రిజిస్టరులో లేకపోతే దాహం వెయ్యదా?"

ఒకరోజు దయాసాగర్ గారు తనిఖీకి వచ్చినప్పుడు ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "చైర్మన్ గారండీ, మీకు దండం పెడతాను. నా గంటల్లో ఓ రెండు గంటలు నూకాలికి పడెయ్యండి. ఇంతమంది నాకెందుకండీ? ఒక్కళ్లు వెళ్లి ఓ బిందె పట్టిస్తే చాలు."

"గంటలు బదిలీ చేయుటకు వీలు లేదమ్మా. ఒక కాలవ నీళ్లు వేరొక కాలవకు మళ్లించాలంటే పైనుంచి అనుమతి కావాలి. ముప్పై ఆరేళ్లు చూశాను నేను."

నేను వెళ్లి ఉండవచ్చు. పుంత మా ఇంటికి పావుగంట నడక. వెళ్లలేదు. ఆ నెల నా రాత పరిచర్య ముప్పై రెండు గంటలయింది.

ఇరవయ్యో తారీఖున డాక్టరు పిండికట్టు కోసేసి, కర్ర పట్టుకుని నడవమన్నాడు. ఆ సాయంత్రమే అత్యవసర కమిటీ సమావేశం పెట్టారు. తనిఖీ ముప్పయ్యో తారీఖున. మూడు వందలకు ఇంకా ఎనభై రెండు గంటలు తక్కువ.

"కట్టు తీసినంత మాత్రమున స్వస్థత అనిపించుకోదు" అన్నారు దయాసాగర్ గారు. "వైద్యపరమైన స్వస్థత వేరు, పరిపాలనాపరమైన స్వస్థత వేరు. అయ్యగారూ, ఆదివారం ప్రార్థనలో ఆవిడ కాలు గురించి కొంచెం నిదానించండి."

తిమోతి గారు తలెత్తారు. "స్వస్థపరచమని అడగొద్దంటారా?"

"అబ్బెబ్బే, అడగండి. ఒకటో తారీఖు నుంచి అమల్లోకి వచ్చేలా అడగండి."

ఆదివారం తిమోతి గారు చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. చివరికి, "ప్రభువా, మా చైర్మన్ గారి మనవి కూడా నీకు తెలుసు" అని ఆమెన్ చెప్పేశారు.

సంపూర్ణమ్మ మళ్లీ జారిపడకుండా భద్రత నిమిత్తం ఆమె కర్రను ఆఫీసు బీరువాలో పెట్టాలని కూడా తీర్మానించారు. బీరువా తాళం నా దగ్గరుంటుంది. కర్ర తీసుకెళుతుంటే ఆమె నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ముప్పయ్యో తారీఖు పొద్దున రిజిస్టరు కోసం బీరువా తెరిచాను. కర్ర జారి బయట పడింది. దాన్ని మళ్లీ లోపల పెట్టాలని నాకు తోచలేదు. రేకుల గది గుమ్మానికి ఆనించి, పూలు తేవడానికి బజారుకు వెళ్లిపోయాను.

మహాసభ వారి మూల్యాంకనాధికారి రెవరెండ్ డాక్టర్ జెకర్యా గారు పదకొండింటికి కారు దిగారు. మెడలో దండ పడింది. శాఖల వారీగా వరుస కట్టి నిలబడ్డాం. గంజి కాగి ఉంది. విసనకర్రలకు కొత్త గుడ్డ కుట్టించారు. దయాసాగర్ గారు గది తలుపు తీసి, "మా స్వీకర్త" అని చెయ్యి చాపారు.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి చక్కగా మడతపెట్టి ఉంది.

అందరం మెడలు చాచి చూశాం. యాకోబు తాత మాత్రం, ఏమీ కనిపించలేదు కనుక, "వందనాలు సంపూర్ణమ్మా" అన్నాడు.

"స్వీకర్త లేనిదే పరిచర్య లేదు" అన్నారు జెకర్యా గారు కళ్లజోడు సర్దుకుంటూ. "గత గంటలను ధ్రువపరచవలెనన్నచో ప్రత్యక్ష ప్రదర్శన తప్పనిసరి. నమోదు కాని సభ్యులు ఇంకెవరైనను కలరా?"

నలభై నాలుగు తలలు దయాసాగర్ గారి వైపు తిరిగాయి.

"నేను పర్యవేక్షణ అండి..."

"అనగా నమోదు కాలేదు. అర్హులే. ఏదైనా అనారోగ్యము కలదా?"

"కొంచెం బీపీ అండి."

"చాలును. పరుండుడి."

ముప్పై ఆరేళ్ల సర్వీసులో పై అధికారి మాట కాదనని మనిషి. చెప్పులు విడిచి, చేతి గడియారం తీసి నాకిచ్చి, సంపూర్ణమ్మ మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. గంజి శాఖ ముందుకు వచ్చింది. కాళ్లు పట్టే శాఖ ఒక కాలి దగ్గరే కూర్చుంది, అలవాటుకొద్దీ. గ్రేసమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "నిరాశపడకండి" అంది. ఆయన అప్పుడే నిరాశపడడం మొదలుపెట్టారు.

ఆ సందడిలో తిమోతి గారు నా భుజం తట్టారు. "మీరు వెళ్లి ఆమెను వెతకండి" అన్నారు. తీసుకురమ్మని మాత్రం అనలేదు.

కాలవ వంతెన దాటాక తూము గోడ మీద కూర్చుని రొప్పుతోంది సంపూర్ణమ్మ. నన్ను చూసి కర్ర ఒళ్లోకి లాక్కుంది.

"నన్ను లాక్కుపోడానికొచ్చారా బాబూ?"

"కాదమ్మా. భుజం పట్టుకో."

పుంతలో మూడో ఇల్లు. తాటాకుల కప్పు ఒకవైపు జారింది. నూకాలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది. బిందెలో అడుగున తడి తప్ప ఏమీ లేదు. అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

"వచ్చేవా?" అంది. "రెణ్ణెల్లు! సచ్చిపోయిందనుకుని మానేసేవేటి?"

"కాలిరిగిందే."

"ఎవరు సూసుకున్నారు?"

"నలభై నాలుగు మంది."

నూకాలు ఆమె ముఖం పరీక్షగా చూసింది. "అందుకే సిక్కిపోయేవు" అంది.

నేను బిందె తీసుకుని కుళాయికి వెళ్లాను. నీళ్లు నిండడానికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నవ్వుకుంటున్నారు. దేనికో నాకు చెప్పలేదు.

అక్టోబరులో ఫలితం వచ్చింది. మా సంఘానికి నూటికి తొంభై ఎనిమిది మార్కులు. స్వీకర్త మొదట మంచం మీద లేకపోయినందుకు రెండు తగ్గించారు. విలీనం తప్పింది. తిమోతి గారి భార్య ఆ రోజు అందరికీ పాయసం పంచింది. కింద ఇంకొక పేరా ఉంది. "ప్రదర్శనలో అసమాన సహకారమును కనబరచిన శ్రీ దయాసాగర్ గారిని ఏడాది కాలమునకు స్థిర స్వీకర్తగా నియమించడమైనది. వారు వారానికి అయిదు దినములు, సాయంత్రము నాలుగు నుండి ఏడు వరకు, తనిఖీ జరిగిన మంచము మీదనే అయిదుగురు పరిచారకులకు అందుబాటులో ఉండవలెను."

లెక్క వేసి చూశాను. నాలుగు వారాలకు సరిగ్గా మూడు వందల గంటలు.

ఆయన ఒక్కరోజు మానలేదు. ఆలస్యమైతే గంట పోతుందని మూడింటికే వచ్చి పడుకునేవారు. సంపూర్ణమ్మ ఆ వేళకు ఇంట్లో ఉండదు కనుక ఆమెకు ఇబ్బంది లేదు. రానురాను మనిషి దిగాలుగా తయారయ్యారు. ఇంట్లో అన్నం సహించడం లేదన్నారు. ఎప్పుడూ గంజే.

నవంబరులో వాయుగుండం పట్టింది. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సంపూర్ణమ్మా నేనూ తడుస్తూ రేకుల గదిలోకి వెళ్లాం. దయాసాగర్ గారు దుప్పటి గుండెల దాకా లాక్కుని పైకప్పు చూస్తున్నారు.

"చైర్మన్ గారండీ, ఖాళీయేనా?" అంది సంపూర్ణమ్మ.

"నేను స్వీకర్తనమ్మా. లేవకూడదు."

"నాలుగింటికి కదండీ. ఇంకా గంటుంది. నూకాలింట్లోకి నీళ్లొచ్చేసినాయి. పక్క డాబా అరుగు మీదకి మంచం మార్చాలి. ఈ బాబొక్కరూ మొయ్యలేరు. నా కాలు చూశారు కదా."

"అది ఏ శాఖ కిందకు వస్తుంది?"

"మంచం కిందకి వచ్చేస్తున్నాయండీ నీళ్లు. ఏ శాఖో తర్వాత ఆలోచిద్దాం, లేవండి."

ఆయన నావైపు చూశారు. నేను ఆయన గడియారం వైపు చూశాను. మూడూ ఐదు. ఆయన దుప్పటి తీసి, మడతపెట్టి, పంచె ఎగ్గట్టుకున్నారు.

పుంతలో మోకాలి లోతు బురద. తలవైపు ఆయన, కాళ్లవైపు నేను పట్టుకున్నాం. సంపూర్ణమ్మ గొడుగు పట్టింది, గొడుగులో నూకాలు ముఖం మాత్రమే పట్టింది.

"ఎవురే ఈ బాబుగోరు? శవాన్ని మోసినట్టు మోత్తన్నాడు" అంది నూకాలు మంచం మీద నుంచి.

"మా చైర్మన్ గారే. నోర్ముయ్."

"సెయిర్‌మేనైతే ఎనక్కి నడవడం రాదేటి? బాబూ, రాయుంది, సూసుకో."

"చూశాను, చూశాను" అన్నారు దయాసాగర్ గారు. అప్పటికే తట్టుకున్నారు. మంచం జారలేదు. మోకాలి మీద పడి కూడా పట్టు వదలలేదాయన. అరుగు ఎక్కించాక గోడకు చేరబడి, ఎగశ్వాసతో, ఇరుకు అరుగు మీద మంచం ఎటు తిప్పితే జల్లు తగలదో రెండుసార్లు తిప్పించి చూశారు. మూడోసారి నూకాలే ఒప్పుకోలేదు. "సాల్లే బాబూ, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను.

నాలుగుకు రెండు నిమిషాలుందనగా రేకుల గది చేరి, బురద కాళ్లతోనే దుప్పటి కింద దూరారు. శాఖలు వచ్చేశాయి. గ్రేసమ్మ నుదుటి మీద చెయ్యి వేసి కెవ్వుమంది. మనిషి చెమట పట్టినట్టు నిలువునా తడిసి ఉన్నాడు. గుండె దడదడలాడుతోంది. పెదాలు ఏదో గొణుగుతున్నాయి.

"ఏమన్నా కావాలా అన్నయ్యగారూ?"

"ఇటుకలు" అన్నారాయన కళ్లు మూసుకుని. "మంచం కోళ్ల కింద రెండేసి పెట్టాలి. రాత్రికి నీళ్లు పెరిగితే..."

గ్రేసమ్మ నావైపు తిరిగింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రిజిస్టరులో రాశాను: "స్వీకర్త పరిస్థితి క్షీణించినది. సంధి మాటలు మొదలైనవి. పరిచర్య రెట్టింపు చేయవలెను."

ఏడింటిదాకా పది మంది ఆయన్ని ఆదరించారు. ఏడూ పది నిమిషాలకు దయాసాగర్ గారూ నేనూ ఇటుకలు తీసుకుని పుంతకు వెళ్లాం.